చలిజ్వరం గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్



పోయిన వానాకాలం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వారం రోజులు ఆగకుండా ముసురు పట్టింది. వాగు దాటలేక ఇంటికి పోయినవాళ్ళు ఇళ్ళలోనే ఉండిపోయారు, హాస్టల్లో ఉన్నవాళ్ళం హాస్టల్లోనే ఉండిపోయాం. ఆ వారంలోనే నాకు చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నా ట్రంకుపెట్టెలో పాత జ్వరం మాత్రలు ఉంటే రెండు వేసుకున్నాను. చెమట పట్టింది, తగ్గిందనుకున్నాను. రెండు రోజుల తరవాత రక్తపరీక్ష చేసేవాళ్ళు హాస్టలుకు వచ్చారు. వేలికి సూది గుచ్చుతారని భయమేసి నేను పోయి స్నానాల గదుల వెనకాల దాక్కున్నాను. పేరు పిలిచినా పలకలేదు.

తరవాత కొన్నాళ్ళకు నా పక్క మంచం మీద పడుకునే మిత్రుడు జ్వరంతో పడిపోయాడు. వాడికి ఫిట్స్ కూడా వచ్చాయి. రాత్రికి రాత్రి భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. మన అదృష్టం కొద్దీ బతికి తిరిగి వచ్చాడు. వాడు వచ్చిన రోజు వార్డెన్ సారు కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

ఆ జ్వరం ఒకరి నుంచి ఒకరికి ఎట్లా పోతుందని సైన్సు సారును అడిగాను. ఆయన రొనాల్డ్ రాస్ జీవితం చెప్పారు. ఆ గుట్టు తెలిసింది ఎక్కడో సీమలో కాదట, మన సికింద్రాబాదులోనేనట! విన్నది, లైబ్రరీలో చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎంత తగ్గించినా మూడు షీట్లు అయింది. ఓపికతో చివరిదాకా చదవండి. చివర్లో నేను ఒక లెక్క చెప్పాలి.

ఇష్టం లేని చదువు

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గర అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిషు సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది పిల్లల్లో రాసే పెద్దవాడు. ఎనిమిదేళ్ళ వయసులో చదువు కోసం ఇంగ్లండు పంపించేశారు. అక్కడ బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. తల్లిదండ్రులు ఒక దేశంలో, పిల్లవాడు ఇంకో దేశంలో. హాస్టల్లో ఉండే మనకు ఆ బాధ ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాస్‌కు బొమ్మలు వేయడం, పద్యాలు రాయడం, సంగీతం, లెక్కలు అంటే ప్రాణం. డాక్టరు కావాలని ఆయనకు ఏమాత్రం లేదు. తండ్రి పట్టు వల్ల 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి కాలేజీలో చేరాడు. మనసు లేని చదువు కదా, ఒక పరీక్ష తప్పాడు కూడా. కొన్నాళ్ళు ఓడ మీద డాక్టరుగా పనిచేసి, మళ్ళీ రాసి ప్యాసయ్యాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చాడు. పరీక్ష తప్పినవాడు ఇంకెందుకూ పనికిరాడని అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మొదట్లో ఆయనకు సైన్యం డాక్టరు పని చప్పగా ఉండేది. ఖాళీ సమయంలో పద్యాలు, నవలలు రాసుకునేవాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు బంగళా నిండా దోమలు. వెతికితే కిటికీ బయట ఉన్న నీళ్ళ పీపాలో దోమ పిల్లపురుగులు గిజగిజలాడుతూ కనిపించాయి. ఆ నీళ్ళు పారబోయిస్తే దోమలు తగ్గాయి. దోమలకూ జ్వరానికీ సంబంధం ఉందని అప్పటికి ఆయనకు తెలీదు. అయినా దోమను ఆపాలంటే నీళ్ళ దగ్గరే ఆపాలన్న సంగతి ఆ రోజే కంటబడింది.

చెడ్డగాలి కాదు, చిన్న ప్రాణి

పాత రోజుల్లో చలిజ్వరం బురదనేలల నుంచి లేచే చెడ్డగాలి వల్ల వస్తుందని దొరలు కూడా నమ్మేవారు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో అర్థం చెడ్డగాలి అనే. అందుకని మన గూడేల్లో పెద్దవాళ్ళు గాలి సోకింది అంటే నవ్వకండి. ఒకప్పుడు ప్రపంచమంతా అట్లాగే అనుకుంది.

1880లో అల్జీరియా దేశంలో లావరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు జ్వరం మనిషి రక్తాన్ని మైక్రోస్కోపులో చూశాడు. అందులో కదులుతున్న చిన్న చిన్న ప్రాణులు కనిపించాయి. ఈ పరాన్నజీవికే ప్లాస్మోడియం అని పేరు. ఒకే ఒక్క కణంతో ఉండే జీవి. ఇది మన ఎర్ర రక్తకణంలో దూరి లోపల ఉన్న హీమోగ్లోబిన్‌ను తింటుంది. తిన్న తరవాత మిగిలిన చెత్త బొగ్గుపొడి లాగా నల్లటి గింజలుగా ఉండిపోతుంది. ఈ నల్లగింజల సంగతి గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

తిని పెరిగిన ప్లాస్మోడియం ఏం చేస్తుంది? ఆడ, మగ అవసరం లేకుండానే తనను తాను ముక్కలు చేసుకుంటుంది. ఒకటి పదీ ఇరవై అవుతుంది. దీన్నే మన పాఠంలో అలైంగిక ప్రత్యుత్పత్తి అని చదివాం. పిల్లలన్నీ ఒక్కసారే కణాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చి, కొత్త కణాల్లో దూరతాయి. మనకు ఎక్కువగా వచ్చే రెండు రకాల్లో ఇది సుమారు 48 గంటలకు ఒకసారి జరుగుతుంది. కణాలు పగిలినప్పుడల్లా జ్వరం వస్తుందని ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టాడు. రోజు విడిచి రోజు చలి ఎందుకు పుడుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

అంతా బాగానే ఉంది. కానీ ఒక మనిషి రక్తంలో ఉన్న ఈ ప్రాణి ఇంకో మనిషి రక్తంలోకి ఎట్లా వచ్చింది? రక్తం రక్తం కలవదు. దగ్గుతో రాదు, తుమ్ముతో రాదు. ఇది ఎవరికీ అంతుపట్టలేదు.

తప్పుడు దోమల వెంట రెండేళ్ళు

1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరును కలిశాడు. బోదకాలు తెచ్చే పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో కనిపెట్టింది ఈయనే. మలేరియా కూడా దోమ పనే అయి ఉండాలని మాన్సన్ అనుమానం. అయితే దోమ నీళ్ళలో పడి చచ్చిపోతుందని, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. సగం నిజం, సగం పొరపాటు. రాస్ ఆ సగం నిజాన్ని పట్టుకున్నాడు.

1895లో సికింద్రాబాదు వచ్చి పని మొదలుపెట్టాడు. జ్వరం ఉన్నవాళ్ళను దోమతెరలో పడుకోబెట్టి దోమల చేత కుట్టించేవాడు. ఆ దోమలను సూదులతో చీల్చి మైక్రోస్కోపులో చూసేవాడు. దోమ ఎంత ఉంటుంది? దాని కడుపు ఎంత ఉంటుంది? ఆవగింజను పది ముక్కలు కోసినట్టు ఉంటుంది ఆ పని. ఎన్ని కోసినా ఏమీ దొరకలేదు. మధ్యలో కలరా వచ్చిందని ఆయన్ను బెంగుళూరు పంపించారు. 1897 ఏప్రిల్‌లో ఉదకమండలం దగ్గర సీగూరు లోయకు వెళితే ఆయనకే మలేరియా వచ్చింది! అయితే ఆ పక్కనే మచ్చల రెక్కలున్న కొత్తరకం దోమను చూశాడు. అది గోడ మీద మామూలు దోమలాగా కాకుండా వెనకభాగం పైకి ఎత్తి కూర్చుంది.

అసలు తప్పు ఎక్కడంటే, రెండేళ్ళుగా ఆయన కోసినవి ఇళ్ళల్లో ఎక్కువగా తిరిగే వేరే జాతి దోమలు. వాటిలో మలేరియా ప్రాణి బతకదు. ఎంత కష్టపడినా తప్పు బావిలో చేద వేస్తే నీళ్ళు రావు కదా.

1897 ఆగస్టు 20

1897 జూన్‌లో రాస్ మళ్ళీ సికింద్రాబాదు చేరాడు. బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో చిన్న గది. ఎండ విపరీతం. పంకా ఊపిస్తే దోమలు ఎగిరిపోతాయి కాబట్టి గాలి కూడా లేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆఖరికి మిగిలిన కంటి అద్దం కూడా పగుళ్ళు తీసింది. కళ్ళు మండిపోయేవి. అయినా దోమ తరవాత దోమ కోస్తూనే ఉన్నాడు.

ఆగస్టు నెల మధ్యలో దోమలు పట్టి తెచ్చే మనిషి ఒక సీసాలో కొన్ని పిల్లపురుగులు తెచ్చాడు. అవి పెరిగి రెక్కలొచ్చాక చూస్తే గోధుమరంగు, రెక్కల మీద మచ్చలు. తాను సీగూరులో చూసిన రకం! ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే జ్వరం రోగి ఉన్నాడు. ఆయన రక్తంలో నెలవంక ఆకారంలో పరాన్నజీవులు ఉన్నాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను లోపల వదిలారు. కాటుకు ఒక అణా చొప్పున పది కాట్లకు పది అణాలు ఇచ్చారు.

తరవాత రోజూ కొన్ని దోమలను కోసి చూశాడు. కొన్ని చచ్చిపోయాయి, కొన్నిట్లో ఏమీ లేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. ఆ మధ్యాహ్నం ఒకదాన్ని కోశాడు. దాని కడుపు గోడను అంగుళం అంగుళం వెతికినట్టు వెతికాడు. ఒకచోట గుండ్రటి కణం కనిపించింది. దోమ కడుపులో అట్లాంటి కణం ఉండకూడదు. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. వాటిలో బొగ్గుపొడి లాంటి నల్లగింజలు! హుసేన్ ఖాన్ రక్తంలోని ప్రాణి దోమ కడుపు గోడలో ఇల్లు కట్టుకుని ఉందన్నమాట. మరునాడు మిగిలిన ఆఖరి దోమను కోస్తే ఆ కణాలు ముందురోజు కన్నా పెద్దవయ్యాయి. అంటే అవి ప్రాణంతో ఉండి పెరుగుతున్నాయి. రాస్‌కు ఆనందం పట్టలేక ఒక పద్యం రాసుకున్నాడు. ఈ సంగతి ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిషు వైద్య పత్రికలో అచ్చయింది.

ఆ మచ్చల రెక్కల దోమే మనం చెప్పుకునే అనాఫిలస్. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినం అంటున్నారు. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఉంది. దానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు చూసుకుంటున్నారు.

దోమ కడుపులో పెళ్ళి

ఇంతకీ ప్లాస్మోడియం దోమలోకి ఎందుకు పోవాలి? మన రక్తంలోనే ఉండిపోతే దానికేం నష్టం?

ఇక్కడే ప్రకృతి వింత ఉంది. మన రక్తంలో అది ముక్కలై పెరుగుతుందే గానీ దాని పెళ్ళి అక్కడ కాదు. కొన్నాళ్ళు అట్లా పెరిగాక వాటిలో కొన్ని మగవిగా, కొన్ని ఆడవిగా తయారవుతాయి. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకంలో ఇవి తయారు కావడానికి పది రోజుల పైనే పడుతుంది. హుసేన్ ఖాన్ రక్తంలో కనిపించిన నెలవంకలు ఇవే. ఇవి మనిషికి జ్వరం తెప్పించవు. దోమ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఎవరూ కుట్టకపోతే అట్లాగే నశిస్తాయి.

అనాఫిలస్ ఆడదోమ కుట్టి రక్తం తాగిందనుకోండి. (మగదోమ కుట్టదు. ఆడదోమకు గుడ్లు తయారు కావాలంటే రక్తం కావాలి.) దోమ కడుపులోకి రాగానే మగది తోకల్లాంటి సన్నటి పోగులను బయటికి విసురుతుంది. ఆ పోగులు ఆడకణాన్ని వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి లోపలికి చేరి కలిసిపోతుంది. ఇదే లైంగిక ప్రత్యుత్పత్తి. ఆ పోగులను రాస్ కూడా చూశాడు గానీ అవి మగబీజాలని ఆయనకు తట్టలేదు. 1897లోనే అమెరికాలో చదువుకుంటున్న విలియం మెకల్లమ్ అనే విద్యార్థి కాకి రక్తంలోని అట్లాంటి జీవుల్లో ఆ కలయికను కళ్ళారా చూశాడు. పెద్ద శాస్త్రవేత్తలకు తట్టనిది ఒక విద్యార్థికి తట్టింది!

కలిసిపోయిన కణం దోమ కడుపు గోడలో దూరి గుండ్రంగా ఉబ్బుతుంది. రాస్ చూసింది దీన్నే. అందులో వందలు, వేలుగా సూదుల్లాంటి పిల్లలు పుడతాయి. గోడ పగిలి అవి దోమ ఒళ్ళంతా తిరిగి నోటి దగ్గరి లాలాజల గ్రంథుల్లో చేరతాయి. ఇదంతా కావడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. తరవాత ఆ దోమ ఎవరిని కుడితే వాళ్ళ ఒంట్లోకి ఉమ్మితోపాటు దిగుతాయి. ముందు కాలేయంలో వారం రోజుల దాకా గుట్టుగా వేలకొద్దీ పెరుగుతాయి, ఆ తరవాత రక్తంలోకి వస్తాయి. అప్పటిదాకా మనకు ఏమీ తెలీదు.

అంటే ఈ ప్రాణికి రెండు ఇళ్ళు. మనిషి ఇంట్లో పెరుగుతుంది, దోమ ఇంట్లో పెళ్ళి చేసుకుంటుంది. రెంటిలో ఒక తలుపు మూస్తే చాలు, దాని వంశం ఆగిపోతుంది.

కలకత్తా పిచ్చుకలు

రాస్ ఆనందంగా ఉన్న సమయంలోనే బదిలీ వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడా అనే చోటికి పొమ్మన్నారు. అక్కడ మలేరియా రోగులే తక్కువ! సగంలో ఉన్న పని ఆగిపోయింది. ఎన్నో ఉత్తరాలు రాయగా 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి దొరికింది. అక్కడ సూది పొడిచి రక్తం తీసుకుంటానంటే ఊళ్ళోవాళ్ళు భయపడి దగ్గరికి రాలేదు. (నేను ఒక్కడినే కాదన్నమాట!) అప్పుడు ఆయన పిట్టల మలేరియాను పట్టుకున్నాడు. పిచ్చుకలకు కూడా ఇట్లాంటి జ్వరం వస్తుంది. దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ.

మహమ్మద్ బక్ష్, కిశోరీ మోహన్ బందోపాధ్యాయ్ ఆయనకు సాయంగా పనిచేశారు. 1898 జులైలో దోమ లాలాజల గ్రంథుల్లో సూదుల్లాంటి పిల్లలను రాస్ చూశాడు. జబ్బు దోమల చేత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను కుట్టిస్తే వాటికీ జబ్బు వచ్చింది. గొలుసులో ఆఖరి కొక్కెం దొరికింది. నీళ్ళు తాగితే కాదు, దోమ కుడితేనే మలేరియా వస్తుంది. అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్ళు మనిషి మలేరియాలో కూడా ఇట్లాగే జరుగుతుందని అనాఫిలస్ దోమలతో పూర్తిగా రుజువు చేశారు.

మన ఒంట్లో యుద్ధం

ప్లాస్మోడియం వస్తే మన ఒళ్ళు ఊరుకుంటుందా? ఊరుకోదు. కణాలు పగిలి చెత్త రక్తంలో పడగానే తెల్ల రక్తకణాలకు కబురు అందుతుంది. వాటి సంకేతాలతో మెదడు ఒంటివేడి పెంచమంటుంది. వేడి పుట్టించడానికే కండరాలు వణుకుతాయి. మనం చలి అనుకుంటాం. నిజానికి అది ఒళ్ళు చేసే యుద్ధంలో భాగం. ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం ఉంటుంది. అది జల్లెడ లాగా పాడైన కణాలను పట్టుకుంటుంది. తెల్లకణాలు వాటిని మింగేస్తాయి. పని ఎక్కువై ప్లీహం వాస్తుంది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసేది దీనికోసమే.

ఇంకా కొన్ని తెల్లకణాలు ప్రతిదేహాలు అనే రక్షక పదార్థాలను తయారుచేస్తాయి. ఒక్కో ప్రతిదేహం ఒక్కో తాళానికి సరిపోయే తాళంచెవి లాంటిది. అయితే ప్లాస్మోడియం చాలా టక్కరిది. తను దూరిన కణం పైపూతను మార్చేస్తూ ఉంటుంది. తాళంచెవి తయారయ్యేలోపు తాళం మారిపోతుంది. అందుకే అమ్మవారు పోసినట్టు ఒక్కసారి వచ్చి ఇంక రాకుండా పోయే జబ్బు కాదిది. ఎన్నోసార్లు వచ్చాక పెద్దవాళ్ళకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. పసిపిల్లలకు అది ఉండదు. గర్భిణి స్త్రీలకు కూడా ప్రమాదం ఎక్కువ. ఇంకో సంగతి. కొంత శక్తి ఉన్నవాడు జ్వరం లేకుండా తిరుగుతూనే రక్తంలో పరాన్నజీవిని మోస్తూ ఉండవచ్చు.

ఒంటికి మందు తోడవ్వాలి. వెనకటికి సింకోనా చెట్టు బెరడు నుంచి తీసిన క్వినైన్ ఇచ్చేవారు. ఇప్పుడు ఫాల్సిపారానికి ఇచ్చే మందులో ముఖ్యమైనది ఒక చైనా మొక్క నుంచి వచ్చింది. దాన్ని కనిపెట్టిన టు యూయూ అనే ఆమెకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అడవి మొక్కల విలువ మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు గానీ, ఆకు నూరి తాగితే సరిపోదు. ఎంత మోతాదో తేలాలి. వైవాక్స్ రకం ఇంకా మోసం. కాలేయంలో నాలాగే దాక్కుంటుంది, నెలల తరవాత మళ్ళీ లేస్తుంది. అందుకే దానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు. రెండు రోజులకే చలి తగ్గిందని మిగిలినవి కిటికీలోంచి పారేసేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళెవరో వాళ్ళకే తెలుసు.

బహుమతి, తగాదా, ఒక మంచి లెక్క

రాస్ 1899లో మన దేశం విడిచి లివర్‌పూల్ వెళ్ళి అక్కడి వైద్య పాఠశాలలో పాఠాలు చెప్పాడు. 1902లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1911లో సర్ బిరుదు ఇచ్చారు. అయితే ఆయన అంత మంచి స్వభావం గలవాడేం కాదు. కోపం ఎక్కువ. ముందు కనిపెట్టింది నేనంటే నేనని గ్రాసీతో ఏళ్ళ తరబడి పత్రికల్లో పోట్లాడాడు. ఇంకొకటి కూడా చెప్పాలి. బహుమతి రాస్ పేరు మీద వచ్చింది. పది కాట్లు భరించిన హుసేన్ ఖాన్, సీసాలో పిల్లపురుగులు తెచ్చిన మనిషి లేకపోతే ఆ ఆగస్టు 20 లేదు. తెచ్చిన మనిషి పేరు కూడా మనకు తెలీదు. జబ్బు మనిషిని అట్లా దోమలకు అప్పగించడం ఇప్పుడైతే కుదరదు. రోగికి అంతా చెప్పి ఒప్పుకున్నాకే చేయాలని నియమాలు వచ్చాయి.

నాకు ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా నచ్చింది ఆయన లెక్క. ఊళ్ళో ఉన్న దోమలన్నీ చంపడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఈ పని దండగ అని చాలామంది అన్నారు. రాస్ కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక జబ్బు మనిషిని ఎన్ని దోమలు కుడతాయి? వాటిలో ఎన్ని పది పన్నెండు రోజులు బతుకుతాయి? బతికినవి మళ్ళీ ఎంతమందిని కుడతాయి? లెక్క తేలిందేమిటంటే, దోమలన్నీ చావనక్కర్లేదు. ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జబ్బు దానంతట అదే ఆరిపోతుంది. ఒక రోగి నుంచి ఒకరి కంటే తక్కువమందికి అంటితే ఆ మంట ఎంతసేపు మండుతుంది? చిన్నప్పుడు ఇష్టపడ్డ లెక్కలు ఆయనకు అట్లా పనికొచ్చాయి.

1932 సెప్టెంబరు 16న రాస్ లండన్‌లో చనిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన దేశంలో ఏడాదికి సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై డి.డి.టి. చల్లాక 1965 నాటికి అది లక్షకు దిగింది. పోయిందిలే అని అశ్రద్ధ చేశారు, దోమలు మందుకు అలవాటు పడ్డాయి. 1976లో మళ్ళీ 64 లక్షల దాకా ఎగిరింది. మళ్ళీ కష్టపడి తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడు టీకాలు కూడా వచ్చాయి. 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. రెండోదాన్ని పూణేలో తయారుచేస్తున్నారు. ముందుగా ఆఫ్రికా పిల్లలకు వేస్తున్నారు.

నా లెక్క

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న లెక్క చెప్తాను. నా మిత్రుడు పడిపోయాక హాస్టల్లో అందరికీ రక్తం పరీక్ష చేశారు. ఈసారి నేను దాక్కోలేదు. నా రక్తంలో కూడా ఫాల్సిపారం ఉందన్నారు. మొదటి జ్వరం అసలు పోనే లేదు, పైకి తగ్గిందంతే.

నేను స్నానాల గదుల వెనకాల దాక్కున్న రోజు నుంచి మిత్రుడికి జ్వరం వచ్చిన రోజు దాకా క్యాలెండరు మీద లెక్కపెట్టాను. 37 రోజులు వచ్చింది. నా రక్తంలో నెలవంకలు తయారు కావడానికి పది రోజుల పైన, దోమ ఒంట్లో పన్నెండు, వాడి ఒంట్లో ఇంకో పన్నెండు. కూడి చూడండి. వాడికి నా నుంచే వచ్చిందని నేను చెప్పలేను, ఆ దోమ ఇంకెవరినైనా కుట్టి ఉండవచ్చు. కాదని కూడా చెప్పలేను. ఒక్క సూది పోటుకు భయపడకుండా ఉంటే, మూడు రోజుల మాత్రలతో పాటు ఆ నెలవంకలను చంపే మాత్ర కూడా నాకు పడేది. నా వైపు తలుపు మూసుకుపోయేది. ఈ ముక్క వాడికి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. రాత్రి తన దోమతెర అంచు పరుపు కింద దోపుకుని, నా దోమతెర అంచు కూడా దోపాడు.

అందుకని నా మనవి ఇంతే. జ్వరం వస్తే ఆ రోజే చెప్పండి, రక్తం ఇవ్వండి. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. మాత్రలు చెప్పినన్ని రోజులూ మింగండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పొలం దగ్గరి మంచె మీద పడుకున్నా దోమతెర తీసుకుపోండి. ఆశా అక్క వస్తే పారిపోకండి.

దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు పడుతుంది. అందుకే ప్రతి శుక్రవారం తొట్లు, డ్రమ్ములు వంచి ఎండబెట్టాలంటారు. నీళ్ళలో పిల్లపురుగు తల కిందికి వేలాడుతుంటే అది క్యూలెక్స్. నీటిమీద పడుకున్నట్టు అడ్డంగా తేలుతుంటే అది అనాఫిలస్. మన బోరింగు పక్కన గుంటలో రెండు రకాలూ ఉన్నాయి, నేను చూశాను. వార్డెన్ సారు అనుమతిస్తే ఈ శుక్రవారం ఆ గుంట పూడ్చడానికి నేను, నా మిత్రుడు పార తీసుకుని వస్తాం. పూడ్చలేని వాటిలో గంబూసియా చేపలు వదలమని అడుగుదాం. ఎవరెవరు వస్తారో ఈ షీటు కింద ఖాళీలో పేర్లు రాయండి. మొదటి రెండు పేర్లు మావే.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి